ఇద్దరికి సరిపడా

బుధవారం పొద్దున డ్రైవరు భార్య టీకప్పుతో అన్నం కొలిచి డబ్బాలో పెట్టింది. కప్పు నిండాక పైన లేచిన గుట్టని చెంచా వెనకవైపుతో చదును చేసింది. జారిన మెతుకులు నాలుగు గట్టు మీద పడితే ఏరి గిన్నెలో వేసింది కానీ డబ్బాలో వెయ్యలేదు. కప్పు అంటే కప్పు, కప్పు మీద కొండ కాదని డిపో నర్సమ్మ చెప్పింది. ఆవిడ ఏది చెప్పినా ఈవిడ చెవిలో వేసుకున్నది వేసుకున్నట్టే చేస్తుంది.

పక్క అరలో ఉడికించిన చిక్కుళ్ళు, సగం గుడ్డు. మిగతా సగం ఆవిడకి. ఆవిడ పళ్ళెంలోకీ అదే కప్పుతో ఒక్కసారే కొలుచుకుంది.

"నీకెందుకు ఈ నోరు కట్టుకోవడం? తగ్గాల్సింది నేను," అన్నాడు డ్రైవరు, షూ లేసు కట్టుకుంటూ. వంగితే ఆయాసం వస్తోంది. ఒక లేసు కట్టి, నిటారుగా కూర్చుని ఊపిరి పీల్చుకుని, రెండోది కట్టాడు.

"ఎదురుగా మీరు కప్పు తింటుంటే నా గొంతులో మూడు కప్పులు దిగుతాయా? పోనివ్వండి. ఇంకెంత, ఐదు రోజులు."

ఐదు రోజులే. సోమవారం డిపోలో మళ్ళీ తూకం. ఏటా జరిగే వైద్య పరీక్షలో పోయిన నెల ఆయన బరువు ఎనభై నాలుగు వచ్చింది. ఆయన ఎత్తుకి ఎనభై దాటకూడదు. నెల గడువిచ్చారు. అప్పటికీ తగ్గకపోతే స్టీరింగు మీదనుంచి దించి షెడ్డుకి పంపుతారు. షెడ్డు డ్యూటీ అంటే, బయటినుంచి వచ్చిన బస్సుని కడిగే చోటికి నడపడం, కడిగిన బస్సుని వరసలో పెట్టడం. ఇరవై ఆరేళ్ళు రోడ్డు మీద తిరిగినవాడు రోజంతా రెండో గేరు దాటకుండా నాలుగు గోడల మధ్య తిరగడం.

ఆయన డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. భార్య గుమ్మం దాకా వచ్చి, రోజూ అడిగినట్టే అడిగింది.

"దారిలో ఏమీ తినటం లేదు కదా?"

"లేదు," అన్నాడు. దారిలో తినటం లేదన్నది నిజమే. ఆఖరి స్టాపు దారి కింద లెక్క రాదు.

ఆ బస్సుకి ఇంజను ముందువైపే, డ్రైవరు సీటు పక్కనే ఉంటుంది. దాని మీద రేకు మూత. ఆ మూత మీద చెయ్యి పెడితే ఉలిక్కిపడేంత వేడి. పొద్దున బస్సు ఎక్కగానే కండక్టరు తన మూడు గిన్నెల క్యారియరుని పాత తువాలుతో చుట్టి ఆ మూత మీద, గేరు కడ్డీకి అడ్డం రాకుండా ఒక మూల పెడతాడు. నాలుగు ట్రిప్పులు తిరిగి మధ్యాహ్నానికి ఆఖరి స్టాపుకి చేరేసరికి లోపల అన్నం పొయ్యి మీదనుంచి అప్పుడే దించినట్టు ఉంటుంది.

ఆఖరి స్టాపులో ఒక రేకుల షెడ్డు, సిమెంటు బల్ల, ఒక కుళాయి. అవతల ఇటుకల బట్టీ. అక్కడ ముప్పై ఐదు నిమిషాలు విరామం. ప్రయాణికులంతా దిగాక కండక్టరు టికెట్ల సంచి భుజం మీదనుంచి తీసి, చేతులు కడుక్కుని, క్యారియరు గిన్నెలు మూడూ బల్ల మీద వరసగా పేర్చాడు. పై గిన్నె మూత తిరగేసి అందులో అన్నం పెట్టాడు. గరిటెతో ఒకటి, రెండు, మూడు. బంగాళాదుంపల కూర పక్కన పెట్టి, నూనె తేలిన వైపునుంచి ఇంకో గరిటె దాని మీద పోసి, ఆ మూతని డ్రైవరు ముందుకి జరిపాడు.

"తిను అన్నా. చల్లారితే బాగోదు."

డ్రైవరు అప్పటికే తన డబ్బా ఖాళీ చేశాడు. కప్పు అన్నం ఎంతసేపు? అది అయ్యాక ఈ మూత. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. పద్నాలుగు నెలల కిందట కండక్టరు తన భార్య పోయిన పన్నెండో రోజున డ్యూటీలోకి వచ్చి, ఈ బల్ల మీదే క్యారియరు ముందు పెట్టుకుని, మూత తియ్యకుండా ఇటుకల బట్టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఓదార్చటం డ్రైవరుకి చేతకాదు. "నాకు ఆకలిగా ఉంది తమ్ముడూ, కాస్త పెట్టు," అన్నాడు. కండక్టరు లేచి వడ్డించాడు. ఎదటివాడు తింటుంటే తనూ నాలుగు ముద్దలు తిన్నాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగలేదు.

మూత ఖాళీ అవుతుంటే కండక్టరు గరిటె మళ్ళీ లేచింది.

"చాలు," అన్నాడు డ్రైవరు.

"చాలు అంటే ఇంకో గరిటె అని అర్థం, మా ఇంట్లో," అన్నాడు కండక్టరు, వేస్తూ. అప్పుడుగానీ తన గిన్నెలో చెయ్యి పెట్టలేదు.

మూడు గంటల ట్రిప్పులో డ్రైవరుకి కళ్ళు బరువెక్కాయి. ఎండ అద్దంలోంచి నేరుగా ఒళ్ళో పడుతోంది, పక్కన ఇంజను సెగ, కడుపులో రెండు భోజనాలు. మార్కెట్టు మలుపు దగ్గర ముందు పోతున్న ఆటో ఆగింది. ఆగిందని ఆయన కళ్ళు చూశాయి, కాలు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా విన్నది. బ్రేకు గట్టిగా పడింది. నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలారు. కూరగాయల సంచీ పట్టుకున్న ఒక ముసలావిడ కడ్డీకి భుజం కొట్టుకుంది. టమాటాలు సీట్ల కిందికి దొర్లాయి.

"నిద్రపోతున్నావా నాయనా?" అంది ఆవిడ, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

కండక్టరు టమాటాలు ఏరిచ్చాడు. డ్రైవరు వెనక్కి తిరగలేదు. చొక్కా వెనకవైపు తడిసి సీటుకి అంటుకుంది. తూకం పెట్టినవాళ్ళని నెలరోజులుగా తిట్టుకుంటున్నాడు. వాళ్ళకి వాళ్ళ కారణం ఉందని ఆ మలుపులో మొదటిసారి అనిపించింది.

గురువారం సాయంత్రం బస్సు అప్పగించేటప్పుడు మెకానిక్కు కనపడ్డాడు. డిపోలో ఆయనకి 'పెద్దబండి' అని పేరు పెట్టింది ఇతనే.

"ఏం పెద్దబండీ, సోమవారం కాటా ఎక్కుతున్నావట. లారీలు తూచే కాటా అడగవయ్యా, నర్సమ్మ కాటాకి స్ప్రింగు పోతే నన్నే పిలుస్తారు."

"తగ్గాను. ఆరు వందల గ్రాములు."

"నెలకి ఆరు వందలా? చెప్పులు విప్పి ఎక్కితే నేనూ తగ్గుతాను అంత." గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆఖరి స్టాపులో క్యారియరు సంగతి నాకు తెలుసులే. ఆ రూటులో బండి చెడిపోయినప్పుడు వచ్చాను కదా, చూశాను. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. నీ విషయంలో అక్షరాలా నిజమయింది."

డ్రైవరుకి నవ్వొచ్చింది, నవ్వలేదు. "వాడికి వద్దంటే వాడూ తినడు."

"వాడు తినకపోతే వాడికి ఆకలేస్తుంది. ఆకలేస్తే తింటాడు. నువ్వు షెడ్డుకొస్తే, ఇక్కడ బస్సులన్నీ ఉంటాయి, ఎక్కే మనుషులే ఉండరు. కూర్చుని ఆలోచించుకో."

ఇంటికి వెళ్ళేసరికి భార్య కిటికీ దగ్గర వెలుతుర్లో కూర్చుని జాకెట్టు కుట్టు లోపలికి మడిచి బిగుతు చేస్తోంది. అది రెండోది. మొదటిది కుట్టి పక్కన పెట్టింది.

"ఏమయింది దానికి?"

"వదులైంది. భుజం మీదనుంచి జారిపోతోంది." దారం పళ్ళతో తుంచింది. లేవబోయి, గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. "ఏం లేదు, గబుక్కున లేచాను. మీకు ఆకలిగా ఉందేమో, రండి."

ఆయనకి ఆకలిగా లేదు. మధ్యాహ్నం తిన్నది ఇంకా గుండెల మీదే ఉంది. అయినా కూర్చున్నాడు. ఆవిడ కప్పుతో కొలిచి ఇద్దరికీ వడ్డించింది. తన పళ్ళెంలో ఆఖరి మెతుకు దాకా తిని, పళ్ళేన్ని వేలితో తుడుచుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ పళ్ళెం తుడుచుకోవటం ఆయన చూడలేదు.

శుక్రవారం ఆఖరి స్టాపులో, మూత తన ముందుకి రాకముందే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ వద్దు తమ్ముడూ. కడుపులో బాగోలేదు."

"ఏమయింది?"

"ఏదో. తింటే ఆయాసం, తినకపోతే నీరసం. నువ్వు తిను."

కండక్టరు తలూపాడు. తన గిన్నెలో అన్నం కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు. ఒక ముద్ద చేసి, మళ్ళీ గిన్నెలోనే వదిలేశాడు. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కుని, మూడు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కొక్కెం బిగించాడు.

"నువ్వు తినలేదేం?"

"నాకూ అంత ఆకలిగా లేదన్నా."

సాయంత్రం డిపో దగ్గర క్యారియరు పట్టుకుని దిగుతుంటే కండక్టరు చెయ్యి కిందికి వాలిపోయి ఉంది. నిండు క్యారియరు పొద్దున మోసినప్పటికంటే సాయంత్రం బరువెక్కువ.

శనివారం కండక్టరు అన్నం మెత్తగా జావలా ఉడికించి తెచ్చాడు. నూనె లేదు, కారం లేదు. విడిగా చిన్న సీసాలో మజ్జిగ.

"కడుపు బాగోలేదన్నావని," అన్నాడు. "నాలుగున్నరకి లేచాను. మెత్తగా అవ్వాలంటే సన్నటి మంట మీద గంట పడుతుంది. నేనూ ఇదే తింటాను ఇవాళ, నీకు తోడు."

డ్రైవరు మూత అందుకుని తిన్నాడు. ఏం చేస్తాడు? రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాడు. కండక్టరు రెండు గిన్నెలు శుభ్రంగా ఖాళీ చేసి, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగుంది," అన్నాడు డ్రైవరు.

సోమవారం వైద్య పరీక్షకి ఇంట్లో వంట చేసేవాళ్ళని కూడా తీసుకురమ్మని కాగితం మీద రాసి ఉంది. భార్య కుట్టు మడిచిన జాకెట్టు వేసుకుని వచ్చింది. డిపో వెనక ఒక చిన్న గది, ఒక తెర, ఒక కాటా. నర్సమ్మ పొద్దుటినుంచి పదకొండు మందిని తూచి అలిసిపోయి ఉంది. ఆవిడ కుర్చీ కింద చెప్పులు విప్పేసి ఉన్నాయి.

డ్రైవరు బెల్టు, వాచీ, జేబులోని తాళాలు బల్ల మీద పెట్టి కాటా ఎక్కాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది. ఎనభై రెండు పాయింటు తొమ్మిది.

నర్సమ్మ రాసుకుంది. కలం మూత పెట్టి, డ్రైవరుతో కాదు, ఆయన భార్యతో మాట్లాడింది.

"అమ్మా, కప్పు చెప్పానా?"

"కప్పే పెడుతున్నానండీ."

"కప్పు పెడితే ఇంత రాదమ్మా. నేను ఈ గదిలో తొమ్మిదేళ్ళనుంచి చూస్తున్నాను. అంతా పెట్టే చేతిలోనే ఉంటుంది. ఎండన పడి వస్తాడని ప్రేమ కొద్దీ ఒక గరిటె ఎక్కువ వేస్తారు. ఆ గరిటే ఇవాళ ఆయన ఉద్యోగం మీదికి తెస్తోంది. తప్పు ఆయనది కాదు, మీది."

భార్య ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది. మెడ దగ్గర ఎముక పైకి తేలి ఉంది. నర్సమ్మ ఇంకేదో అనబోయి, ఆవిడ వైపు సరిగ్గా చూసి ఆగింది.

"మీరూ ఒకసారి ఎక్కండి."

"నేనెందుకండీ?"

"ఎక్కండమ్మా."

భార్య చెప్పులు విప్పి కాటా ఎక్కింది. ముల్లు ఎక్కువ దూరం పోలేదు.

"నలభై ఆరు. ముందు ఎంత ఉండేవారు?"

"ఈయనకి గడువిచ్చిన కొత్తలో, మందుల షాపులో చూసుకున్నాను. యాభై ఒకటి."

"నెలలో ఐదు కిలోలా?" నర్సమ్మ లేచి వచ్చి ఆవిడ కింది కనురెప్ప లాగి చూసింది. "ఏం తింటున్నారు మీరు?"

"ఈయన తిన్నంతే తింటున్నానండీ."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద వాచీ, తాళాలు, బెల్టు. బెల్టుకి ఆఖరి చిల్లు సాగి ఉంది. డ్రైవరు ఆ చిల్లు వంక చూశాడు.

"కాదు," అన్నాడు.

"ఏం కాదు?"

"నేను తిన్నంత తినటం లేదు ఆవిడ. నేను మధ్యాహ్నం రెండుసార్లు తింటున్నాను. ఇంటి డబ్బా ఒకటి. కండక్టరు వడ్డించేది ఒకటి. ఆవిడ కప్పు కప్పే. కొండ నేను ఎక్కిస్తున్నాను."

భార్య కాటా మీదనుంచి దిగలేదు. ముల్లు నలభై ఆరు దగ్గరే ఉంది.

నర్సమ్మ వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుని కలం మూత తీసింది. తర్వాత కాగితం తనవైపు లాక్కుంది. "ఎందుకు తింటున్నారని అడగను, కారణాలు వినే ఓపిక లేదు నాకు. నిజం చెప్పారు కాబట్టి ఇంకొక్క నెల. దీని తర్వాత నా చేతిలో ఉండదు." రాస్తూ తల ఎత్తకుండానే అంది, "అమ్మా, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు రేపటినుంచి రెండు కప్పులు. గుడ్డు మొత్తం."

ఇంటికి వెళ్తూ వీధి చివరిదాకా భార్య రెండడుగులు ముందే నడిచింది. పాలబూతు దాటాక అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"వాళ్ళావిడ పోయినప్పటినుంచి."

ఆవిడ నడక కాస్త నెమ్మదించింది. "చెప్పాల్సింది. వద్దనేదాన్ని కాదు. నేను కడుపు మాడ్చుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు చూడండి, అది నాకు..." మాట పూర్తి చెయ్యలేదు. ఇంకో పది అడుగులు వేశాక, "బాగా వండుతాడా?" అని అడిగింది.

"ఉప్పు తక్కువ."

"రేపు అతనికి చెప్పండి. ఇంకోరోజు ఆగితే మళ్ళీ చెప్పరు మీరు."

మంగళవారం ఆఖరి స్టాపులో కండక్టరు గిన్నెలు పేర్చి, మూత తిరగేసి, గరిటె పట్టుకున్నాడు. డ్రైవరు తన డబ్బా ఇంకా తెరవలేదు.

"కూర్చో తమ్ముడూ. ముందు ఒక మాట."

చెప్పాడు. తూకం, గడువు, షెడ్డు, మార్కెట్టు మలుపు, భార్య నలభై ఆరు కిలోలు. ముందువెనకలుగా, తడబడుతూ, కానీ అన్నీ చెప్పాడు. "నువ్వు తినవని తిన్నాను ఇన్నాళ్ళూ. నీ అన్నం బాగోలేక కాదు," అన్నాడు చివర.

కండక్టరు గరిటె గిన్నెలో పెట్టేశాడు.

"నాకు తెలుసన్నా."

"ఏం తెలుసు?"

"నీకు ఆకలి లేదని. మొదట్లో వదిన సరిగ్గా పెట్టదేమో అనుకున్నాను. ఓ నెలకి అర్థమయింది. నీ డబ్బా మూత తీసినప్పుడు వాసన తెలియదా? తిన్నాక నువ్వు బెల్టు సడలించుకోవటం కనపడదా? మొన్న బ్రేకు పడి టమాటాలు ఏరాను కదా. ఈ అన్నం వల్లే అని అప్పుడే అనుకున్నాను. అయినా గురువారం మళ్ళీ వండాను. శనివారం మరీ. తప్పు నీది కాదు."

"తెలిసి ఎందుకు వండావు?"

కండక్టరు బట్టీ వైపు చూశాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు ఇటుకలు తలమీద పేర్చుకుంటున్నారు.

"మాకు ఆ గిన్నె ఒకటే. ఆవిడ గ్లాసున్నర బియ్యం పోసేది. ఇద్దరికి సరిపడా. ఆవిడ పోయాక ఒకరోజు ముప్పావు గ్లాసు పోశాను. నీళ్ళల్లో గిన్నె అడుగు కనపడింది. నేను పొయ్యి ఆర్పేసి మళ్ళీ పడుకున్నాను. మర్నాడు గ్లాసున్నరే పోశాను. పోశాక దాన్ని ఎవరో ఒకరు తినాలి కదా అన్నా. పారబొయ్యలేను."

డ్రైవరు తెరవని తన డబ్బాని దగ్గరికి జరుపుకున్నాడు. పద్నాలుగు నెలలుగా తను కండక్టరుకి తోడుగా తింటున్నాననుకున్నాడు. తిన్నది ఎవరి వాటానో ఆలోచించలేదు.

"పోనీ, చిన్న గిన్నె కొనుక్కోరాదూ," అన్నాడు చివరికి. అన్నాక, ఎంత పనికిమాలిన మాటో అనుకున్నాడు.

"కొనాలి," అన్నాడు కండక్టరు.

ఆ రోజు ఇద్దరూ ఎవరిది వాళ్ళు తిన్నారు. క్యారియరులో మిగిలింది కండక్టరు తీసుకెళ్ళి బట్టీ దగ్గర ఇటుకలు మోసేవాళ్ళకి ఇచ్చి వచ్చాడు.

బుధవారం ఇంజను మూత మీద క్యారియరు లేదు. మూత బిగించిన ఒక చిన్న స్టీలు డబ్బా ఉంది, ఇంకా ధర చీటీ కూడా పీకలేదు. డ్రైవరు చూశాడు, అడగలేదు. ఆ రోజు ఇంటినుంచి వస్తుంటే భార్య తన పళ్ళెంలో రెండు కప్పులు కొలుచుకోవడం చూసే బయల్దేరాడు.

ఆఖరి స్టాపులో కండక్టరు డబ్బా తెరిచాడు. అన్నం ఒక పక్క ముద్దయి, ఒక పక్క మాడి గోధుమరంగుకి తిరిగింది.

"అడుగంటింది," అన్నాడు. "బియ్యం కొంచెమే అయ్యేసరికి మంట ఎంత పెట్టాలో తెలియలేదు."

"తెలుస్తుందిలే."

డ్రైవరు కప్పు అన్నం ఎప్పటిలాగే ఐదు నిమిషాల్లో అయిపోయింది. డబ్బా కుళాయి కింద కడిగాడు. కడిగి బస్సెక్కి కూర్చుంటే సరిపోయేది. కండక్టరు ఒక్కడూ బల్ల మీద, రెండో ముద్ద చేతిలో పట్టుకుని నోటి దాకా తీసుకువెళ్ళకుండా ఉన్నాడు. చూపు పక్కనున్న ఖాళీ జాగా మీద ఉంది.

డ్రైవరు తడి డబ్బా పట్టుకుని వెనక్కి వచ్చి ఆ జాగాలో కూర్చున్నాడు. చేతులకి పని లేదు. తినకుండా ఒకరి పక్కన ఎలా కూర్చోవాలో ఆయనకి అలవాటు లేదు. డబ్బాని తుండుగుడ్డతో తుడిచాడు. అది ఆరిపోయాక కూడా తుడిచాడు.

"తిను," అన్నాడు.

కండక్టరు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మాడిన వాసనకి మొహం చిట్లించాడు. నమిలాడు. ఇంకోటి కలిపాడు. చాలా నెమ్మదిగా తింటున్నాడు. లారీలు తూచే కాటా అని మెకానిక్కు అన్న మాట డ్రైవరు చెప్పాడు. కండక్టరు నోట్లో అన్నంతోనే సగం నవ్వాడు. మళ్ళీ తిన్నాడు.

బయల్దేరే వేళ దాటింది. బస్సులో అప్పటికే పదిమంది ఎక్కి కూర్చున్నారు. ఒకావిడ కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచింది.

"డ్రైవరు గారూ, బండి కదిలేదుందా లేదా?"

"కండక్టరు భోంచేస్తున్నారమ్మా," అన్నాడు డ్రైవరు, బల్ల మీదనుంచి లేవకుండా. "అవ్వనివ్వండి."